ముందే తెలిసిన మనిషి

కళ్ళ డాక్టరు దగ్గర వరసలో కూర్చుని ఉన్నాను. పక్క కుర్చీలో ఉన్నాయన ఒకప్పుడు కోర్టులో బంట్రోతు. నన్ను గుర్తుపట్టి పలకరించాడు. ఆ కబురూ ఈ కబురూ అయ్యాక, "మీ గుమాస్తా గారు పోయారండీ. నెల దాటింది. వాళ్ళ అత్తారి ఊళ్ళోనే," అన్నాడు.

నేను అయ్యో అనలేదు. ఎందుకో ముందు తలెత్తి పైకప్పు చూశాను. తరవాత కాళ్ళ కింద నేల చూశాను. ఆ తరవాత గాని అతని మొహం చూడలేకపోయాను.

ఏ గదిలోకి వచ్చినా గుమాస్తా గారు అలాగే చూసేవారు. ముందు కప్పు, తరవాత నేల, చివరికి మనుషులు. కూర్చోమంటే ఫ్యాను కింద కూర్చునేవారు కాదు. కుర్చీ జరుపుకుని గోడవారకి పోయేవారు. ఆ గోడనైనా ముందు గొడుగు పిడితో రెండుసార్లు తట్టి, తల వంచి చెవి పెట్టి వినేవారు. పుచ్చకాయ కొనేవాడు తట్టి చూసినట్టు ఉండేది. దవడన ఎప్పుడూ ఒక లవంగం. గోడ మంచిదైతే లవంగం ఆ దవడ నుంచి ఈ దవడకి మారేది. గోడ మంచిది కాకపోతే నమలటం ఆగిపోయేది.

డెబ్బైల మొదట్లో నేను గవర్నర్‌పేటలో ఒక ప్లీడరు గారి దగ్గర టైపిస్టుగా చేరాను. కింద టోకు బట్టల కొట్టు, పైన మా ఆఫీసు. మా నాన్న గుడివాడ పక్కన మిషన్ స్కూల్లో మేష్టారు. నేను భవానీపురంలో మా మేనత్త ఇంట్లో ఉండి సిటీ బస్సులో వచ్చిపోయేదాన్ని. మా ప్లీడరు గారి దగ్గరికి ఎక్కువగా నష్టపరిహారం దావాలు వచ్చేవి. మిల్లు బెల్టులో చెయ్యి పోయినవాళ్ళు, తెగిపడిన కరెంటు తీగ తొక్కినవాళ్ళ తాలూకు మనుషులు మెట్ల మీద వరసగా కూర్చుని ఉండేవారు. ప్రమాదం జరిగిన చోటికి వెళ్ళి చూసి రావటం గుమాస్తా గారి పని. ఏళ్ళ తరబడి అదే చూసీ చూసీ, జరగని ప్రమాదాలు కూడా ఆయన కంటికి కనపడటం మొదలైంది.

నేను చేరిన మొదటి వారంలోనే నాకు చట్టం చెప్పారు. మా ఆఫీసు మెట్లు చెక్కవి. మూడో మెట్టు ఊగేది.

"ఈ మెట్టు ఊగుతోందని నాకు తెలుసమ్మా. నీకు చెప్పలేదు. నువ్వు ఎక్కావు, పడ్డావు. తప్పెవరిది?"

"మెట్లు ఎవరివో వాళ్ళది."

"మెట్లు నావే అనుకో."

"అయితే మీదేనండీ."

"సరే. నేను నీకు చెప్పాను. అయినా పరాగ్గా ఎక్కి పడ్డావు. అప్పుడో?"

"కొంత నాది, కొంత మీది."

"బాగా చెప్పావు. ఇప్పుడు ఇది చెప్పు. నేను నీకు చెప్పాను. ఇంకో మెట్లదారి లేదు. పైకి రాకపోతే నీ ఉద్యోగం పోతుంది. జాగ్రత్తగానే ఎక్కావు. పడ్డావు. ఇప్పుడు తప్పెవరిది?"

నేను ఆలోచిస్తుంటే లవంగం ఇటు నుంచి అటు మార్చి, "అక్కడే ఉందమ్మా అంతా," అన్నారు. "తెలిసి ఎక్కింది కాబట్టి ఒప్పుకునే ఎక్కింది అంటాడు అవతలి ప్లీడరు. తెలియటం వేరు, ఒప్పుకోవటం వేరు అంటారు మన ప్లీడరు గారు. ఏది నెగ్గుతుందో జడ్జీ గారు చెప్పేదాకా తెలియదు."

ఊళ్ళో ఆయన్ని చూస్తే జనం తప్పుకునేవారు. ఒకసారి మా కక్షిదారు ఒకాయన కూతురి పెళ్ళికి అందరం వెళ్ళాం. భోజనాల పందిట్లో గుమాస్తా గారు విస్తరి ముందు కూర్చోకుండా, రాటలన్నీ తట్టి చూసుకుంటూ పోయి పెళ్ళికూతురి తండ్రి దగ్గర ఆగారు. "ఈ మూల రాట పుచ్చిపోయిందండీ. ఇక్కడి జనాన్ని అటు మార్చండి," అన్నారు. ఆయన మొహం మాడిపోయింది. "శుభమా అంటూ పెళ్ళి జరుగుతుంటే ఆ నోరేంటండీ మీది!" అన్నాడు. గుమాస్తా గారు అన్నం తినకుండా బయటికి వచ్చి, రోడ్డు మీద నిలబడి, బంతులన్నీ లేచేదాకా ఆ రాటనే చూస్తూ ఉన్నారు.

పందిరి కూలలేదు. నిజానికి ఆయన చెప్పినవాటిలో చాలావరకు కూలలేదు. ఆ మాటే నేనొకసారి అంటే, "ఇంకా కూలలేదు," అన్నారు. ఆయన గొంతులో వెటకారం లేదు.

ఆయన అత్తవారిది చల్లపల్లి అవతల కృష్ణ మధ్యలో ఉన్న ఒక లంక. రేవులో ఒక్కటే పడవ. ఏటా రేవుని వేలం పాట పెడితే పాడుకున్నవాడు ఆ ఏడాదంతా నడుపుకుంటాడు. ఆ సంవత్సరపు పాటదారు పాత పడవనే దింపాడు. అడుగు చెక్క ఒకటి మెత్తబడి, ఎక్కిన ప్రతిసారీ ఒకడు డబ్బాతో నీళ్ళు తోడుతూ కూర్చోవలసి వచ్చేది. గుమాస్తా గారు పాటదారుకి నోటితో చెప్పారు. అతను నవ్వాడు. విజయవాడ వచ్చి, అక్కడ పడవ ఎక్కే మనిషిగా తన పేరు మీదే నోటీసు రాయించారు. నేనే టైపు చేశాను. రిజిస్టర్డ్ పోస్టులో పంపి, పాటదారు సంతకంతో తిరిగొచ్చిన కార్డు నా చేతికిస్తూ, "జాగ్రత్తగా పెట్టమ్మా. ఇక వాడికి తెలియదనే మాట లేదు," అన్నారు.

అంతటితో ఊరుకోలేదు. తరవాతి ఆదివారం రేవులో నిలబడి, లంక పొలాల్లోకి పనికి పోయే ఆడవాళ్ళకి ఒక్కొక్కరికీ చెప్పారట. "ఈ పడవ ఎక్కకండమ్మా. అడుగు పుచ్చింది." వాళ్ళలో నాంచారమ్మ అనే ఆమె, "మరి ఎగురుకుంటా పొమ్మంటావా అన్నయ్యా?" అందట. అందరూ నవ్వి ఎక్కేశారట. సోమవారం ఆఫీసులో ఆ మాట చెబుతుంటే ఆయన దవడ కదల్లేదు.

మూడు వారాలకి, ఎగువన వానలు పడి ఏరు నిండుగా వచ్చిన రోజు పొద్దున్నే, ఆ పడవ నడి ఏట్లో అడుగు విడిపోయింది. ఈత వచ్చినవాళ్ళూ చెక్క దొరికినవాళ్ళూ బయటపడ్డారు. ముగ్గురు ఆడవాళ్ళు పోయారు. ఒకామె నాంచారమ్మ చెల్లెలు.

మా ప్లీడరు గారు దావా వేశారు. పడవ నడిపేవాడికి ఎక్కేవాళ్ళ ప్రాణాల పట్ల జాగ్రత్త పడవలసిన బాధ్యత ఉంది, ఆ జాగ్రత్త పడలేదు, పడకపోవటం వల్లే ముగ్గురు పోయారు. మాకు కొండంత బలం గుమాస్తా గారి నోటీసు. ఆయన్నే సాక్షిగా బోనెక్కించాం. కాగితాల కట్ట పట్టుకుని నేనూ బందరు వెళ్ళాను.

అవతలి ప్లీడరు ముందు వరద దైవఘటన అన్నాడు. అది నిలబడలేదు, ఆ ఏటికి ఏటా వరద వస్తూనే ఉంటుంది. అప్పుడు గుమాస్తా గారి వైపు తిరిగాడు. చాలా మర్యాదస్తుడు.

"పడవ బాగోలేదని పాటదారుకి చెప్పారు. చాలా మంచిపని చేశారు. ఆడవాళ్ళకి కూడా చెప్పారా?"

గుమాస్తా గారు మా ప్లీడరు గారి వంక చూశారు. తరవాత కోర్టు కప్పు చూశారు.

"చెప్పానండి."

"వాళ్ళు విన్నారా?"

"విన్నారండి."

"విని?"

ఆ ఒక్క మాటా అబద్ధం చెప్పి ఉంటే ఎవరు పట్టుకోగలరు? ఆ ఆదివారం మాట విన్నామని పాటదారు తరపున సాక్ష్యం చెప్పేవాళ్ళెవరూ లేరు.

"విని ఎక్కారండి," అన్నారు.

అవతలి ప్లీడరు కూర్చున్నాడు. తరవాత నాంచారమ్మని పిలిచారు.

"గుమాస్తా గారు చెప్పింది నిజమేనా?"

"నిజమేనండి."

"తెలిసి ఎందుకెక్కావమ్మా?"

"అవతల పనుందండి. ఇవతల పిల్లలున్నారండి. మధ్యలో ఏరుందండి. ఇంకో పడవ ఉంటే ఎక్కడుందో చెప్పండి బాబూ, అదే ఎక్కేవోళ్ళం."

తీర్పులో జడ్జీ గారు, గతిలేక ఎక్కినవాళ్ళు ప్రమాదానికి ఒప్పుకున్నట్టు కాదన్నారు. కానీ హెచ్చరిక విన్నాక కూడా అంతమంది ఒకేసారి కిక్కిరిసి ఎక్కటంలో వాళ్ళ నిర్లక్ష్యం కూడా కొంత ఉందంటూ పరిహారంలో మూడోవంతు కోసేశారు. పాటదారు పై కోర్టుకి పోయాడు.

తీర్పు రోజు తిరుగు బస్సులో నేను వెనక సీటులో ఉన్నాను. ప్లీడరు గారు మెల్లిగానే అన్నారు.

"మీరు ఆడవాళ్ళకి చెప్పకుండా ఉంటే పూర్తిగా నెగ్గేవాళ్ళమండీ."

"అదేంటండీ?"

"వాడికి తెలియాలి, వీళ్ళకి తెలియకూడదు. అప్పుడే కేసుకి బలం. ఇకమీదట నోటీసు ఓనరుకివ్వండి. జనానికి చెప్పి వాళ్ళ నోట్లో మట్టి కొట్టకండి."

గుమాస్తా గారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. పామర్రు దాటాక, "సరేనండి," అన్నారు.

ఆ మాట మీద నిలబడ్డారు కూడా. గోడలు తట్టటం మానలేదు, నోటీసులు రాయించటం మానలేదు. మనుషులకి చెప్పటం ఒక్కటే మానేశారు. వినాయకుడి పందిరి కింద జనం నిలబడి ఉంటే చూసి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకునేవారు. నన్ను చూసి కూడా ఒకటి రెండుసార్లు అలాగే నోరు మూసుకున్నారు. ఆ రోజుల్లో ఆయన పక్కన నడవటం కంటే వెనకటిలా ఆయన నోట అపశకునాలు వినటమే నయం అనిపించేది.

ఎమర్జెన్సీ నడుస్తున్న రోజులు. మా ఆఫీసు వీధి మొదట్లో ఒక లాడ్జి ఉండేది. దాని మొదటి అంతస్తు బాల్కనీ రోడ్డు మీదికి పొడుచుకొచ్చి ఉండేది. దాని నీడలో సాంబయ్య ఇస్త్రీ బండి. మా ఆఫీసు బట్టలన్నీ అతని దగ్గరే. బొగ్గుల పెట్టె ఊపుతూ వచ్చేపోయేవాళ్ళనందర్నీ పలకరించేవాడు. నన్ను టైపిస్టమ్మా అనేవాడు.

ఆషాఢంలో ఒకరోజు గుమాస్తా గారు వచ్చి నా మిషన్ పక్కన నిలబడ్డారు. "రాసుకోమ్మా. లాడ్జి యజమానికి." బాల్కనీ గోడని కలిసే చోట పగులు ఇచ్చింది, లోపలి ఇనుము తుప్పుపట్టి బయటపడింది, వెంటనే బాగుచేయించకపోతే కింద ఉన్నవారి ప్రాణాలకి ముప్పు. టైపు చేస్తూ ఆ చివరి మాట దగ్గర ఆగాను.

"కింద ఉండేది సాంబయ్య గదండీ. అతనికి చెప్పారా?"

"ప్లీడరు గారు వద్దన్నారమ్మా."

"చెబితే బండి పక్కకి జరుపుకుంటాడు గదా."

ఆయన కాగితం లాక్కుని సంతకం పెట్టారు.

నేనైనా చెప్పి ఉండవచ్చు. రోజుకి రెండుసార్లు ఆ బండి ముందు నుంచి పోయేదాన్ని. ఉద్యోగం భయమో, ఆఫీసు రహస్యమనో, కూలదులే అనో, ఇప్పుడు ఏ కారణం చెప్పినా అతకదు. నేను చేసిందల్లా ఒకటే. మర్నాటి నుంచి రోడ్డుకి అవతలి పక్కన నడవటం మొదలుపెట్టాను.

సాంబయ్య నాలుగో రోజునే కనిపెట్టాడు.

"ఏంటి టైపిస్టమ్మా, మా పక్కకి రావటం మానేశారు?" అని అటు నుంచి కేకేశాడు.

"ఎండగా ఉందయ్యా అటు!"

"ఎండ మీ పక్కనే ఉందిగా! నీడంతా ఇక్కడే!" అని నవ్వాడు.

రెండో నోటీసు పోయింది. మూడోది పోయింది. మూడింటికీ యజమాని సంతకంతో కార్డులు తిరిగి వచ్చాయి. గుమాస్తా గారు తన చొక్కాలు ఇచ్చి రావటానికి ఆ బాల్కనీ కిందికి వెళ్ళేవారు. నాలాగా తప్పించుకుని నడవలేదు. ఇస్త్రీ అయ్యేదాకా అక్కడే, ఆ పగులు కిందే, గొడుగు పట్టుకుని నిలబడేవారు. పైకి మాత్రం చూసేవారు కాదు. ఏ గదిలోకి వెళ్ళినా ముందు కప్పు చూసే మనిషి, ఆ ఒక్కచోట తల దించుకుని సాంబయ్య చేతులు చూస్తూ నిలబడేవారు.

వాన రెండు రోజులు ఆగకుండా పడింది. మూడో రోజు మధ్యాహ్నం, భోజనాలవేళ, లారీలోంచి రాళ్ళు దింపినట్టు చప్పుడైంది. ప్లీడరు గారు చదువుతున్న కాగితం దించి, "ఏంటది?" అన్నారు. గుమాస్తా గారు లేవలేదు. నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను. అదేమిటో మా ఇద్దరికీ తెలుసు.

సాంబయ్య పదో రోజు దాటాక అతని భార్య మా మెట్లెక్కి వచ్చింది. ఎవరు రమ్మన్నారో నేనడగలేదు.

ఆ దావా నేను చూసినవాటిలోకెల్లా తేలిగ్గా నడిచింది. లాడ్జి యజమాని తరపు ప్లీడరు భారీవర్షం వల్ల జరిగిందన్నాడు. "వానాకాలంలో వాన పడటం ఎవరూ ఊహించలేని సంగతా?" అన్నారు మా ప్లీడరు గారు. అక్కడ బండి పెట్టుకోవటం మృతుడి తప్పన్నాడు. అతని దగ్గర లాడ్జివాళ్ళు నెలనెలా అద్దె తీసుకుంటున్నారని తేలింది. ఇక మిగిలింది ఒక్కటే. గుమాస్తా గారు బోనెక్కారు.

"పగులు సంగతి మృతుడికి మీరు చెప్పారా?"

"లేదండి."

"రోజూ అక్కడికి వెళ్ళేవారు గదా?"

"వెళ్ళేవాణ్ణండి."

"పడుతుందని మీకు తెలుసు. అతనికి తెలియదు. అతని ఎదురుగా నిలబడి ఉండి కూడా చెప్పలేదు. చెప్పాల్సిన బాధ్యత మీకు లేదా?"

మా ప్లీడరు గారు లేచారు. బాల్కనీ సాక్షిది కాదనీ, పక్కన పోయేవాడికి ఎదుటివాణ్ణి హెచ్చరించవలసిన బాధ్యత చట్టంలో ఎక్కడా లేదనీ చెప్పారు. అది అక్షరాలా నిజం. జడ్జీ గారు కూడా తలూపారు.

అవతలి ప్లీడరు మళ్ళీ సాక్షి వైపు తిరిగాడు. "చెప్పండి. మీకు బాధ్యత లేదా?"

గుమాస్తా గారి దవడన ఆ రోజు లవంగం లేదు.

"లేదటండి," అన్నారు.

పరిహారం పూర్తిగా వచ్చింది. ఒక్క రవ్వ కోత లేదు. ప్రమాదం గురించి మృతుడికి తెలిసినట్టు ఏ ఆధారమూ లేదని తీర్పులో రాశారు. ఆ రోజు ప్లీడరు గారు అందరికీ కాఫీ తెప్పించారు.

పరిహారం ముట్టినట్టు రసీదు మీద వేలిముద్ర వేయటానికి సాంబయ్య భార్య ఆఫీసుకి వచ్చినప్పుడు ప్లీడరు గారు లోపలి గదిలో ఎవరితోనో మాట్లాడుతున్నారు. బయట నేనూ గుమాస్తా గారూ ఉన్నాం. ఆమె పని అయ్యాక ఆయన ముందుకు వెళ్ళి కాళ్ళకి దండం పెట్టబోయింది. ఆయన నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగారు.

"దండం పెట్టకమ్మా. ఆ బాల్కనీ పడుతుందని నాకు ముందే తెలుసు."

"తెలిసే గదా బాబూ కాయితాలు పంపారు. మీ కాయితాల వల్లే గదా నా పిల్లలు నాలుగు మెతుకులు తింటా ఉన్నారు."

"ఓనరుకి పంపాను. సాంబయ్యకి చెప్పలేదు."

ఆమెకి అర్థం కావటానికి కొంచెంసేపు పట్టింది.

"ఎన్నాళ్ళ ముందు తెలుసు?"

"మూడు నెలలు."

"మూణ్ణెల్లూ మీ చొక్కాలు ఆయనే చేశాడు."

"ఆయనే చేశాడమ్మా."

"ఎందుకు చెప్పలేదు బాబూ?"

"చెబితే కేసు బలం తగ్గుతుందని."

ఆమె అరవలేదు, తిట్టలేదు. పసిపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "చెబితే మనిషుండేవాడు గదా బాబూ. మనిషుంటే నాకు కేసెందుకు?"

గుమాస్తా గారు చేతులు రెండూ వేలాడేసుకుని నిలబడి ఉన్నారు. ప్లీడరు గారు వద్దన్నారని గాని, పడవ కేసులో చెప్పినందుకు ఏమైందని గాని, తానూ అదే పగులు కింద రోజూ నిలబడ్డానని గాని ఒక్క మాటైనా అనలేదు.

ఆమె గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"కాయితాలు కొట్టేది నువ్వే గదమ్మా. నీకూ తెలుసా?"

నా వేళ్ళు ఇంకా మిషన్ మీదే ఉన్నాయి.

"తెలియదండీ," అన్నాను. "ఆయన చెప్పింది కొట్టటమే గాని, నాకేం తెలుస్తుంది?"

గుమాస్తా గారు తలెత్తారు. కోర్టు బోనులో నిలబడి తనకి నష్టమైనా సరే ఒక్క అబద్ధం చెప్పని మనిషి. నన్ను చూశారు. ఒక్క మాటంటే చాలు. ఆ మాట అనలేదు. ఆమె నన్ను నమ్మి, "నీకేం తెలుస్తుందిలేమ్మా, చిన్నపిల్లవి," అనేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆయన గొడుగు తీసుకున్నారు. బల్ల మీది తాళాల గుత్తి నా మిషన్ పక్కన పెట్టారు. వెళ్ళే ముందు నా భుజం మీద చెయ్యి వేస్తారేమో, తిడతారేమో అని తల వంచుకుని కూర్చున్నాను. రెండూ చెయ్యలేదు. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు కింద రోడ్డు దాకా వినపడింది.

గంట పోయాక ప్లీడరు గారు లోపలి నుంచి వచ్చి ఖాళీ కుర్చీ చూశారు.

"గుమాస్తా గారేరమ్మా? ఎక్కడికెళ్ళారు?"

"తెలియదండీ," అన్నాను. ఆ రోజు అది రెండోసారి. ఈసారి నిజంగానే నాకు తెలియదు.